శక్తి ఎటు పోతుంది? శక్తి నిత్యత్వం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను. అన్ని పాఠాల్లోకీ ఎక్కువ ప్రశ్నలు వచ్చేది శక్తి పాఠంలోనే. ఇక్కడున్నవన్నీ పిల్లలు అడిగినవే కాదు. ట్యూషన్ వదిలే వేళకు వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చి, గేటు దగ్గర నిలబడి అమ్మానాన్నలు అడిగినవీ ఉన్నాయి. వరసగా చదవాలనేం లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

శక్తి నిత్యత్వ నియమం అంటే ఒక్క మాటలో ఏంటి?

శక్తిని పుట్టించలేం, నాశనం చేయలేం, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చగలం, అంతే. పుస్తకంలో ఉండే వాక్యం ఇదే. దీన్ని బట్టీ పట్టడం తేలికే గానీ వాడుకోవడం రావాలంటే ఒక అలవాటు చేసుకోవాలి. శక్తి మాయమైందని అనిపించిన ప్రతిసారీ "ఎటు పోయింది?" అని అడగాలి. స్విచ్ ఆపేశాక ఫ్యాను కాసేపు తిరిగి ఆగిపోతుంది. రెక్కల్లో ఉన్న గతిజ శక్తి, అంటే కదలిక వల్ల ఉన్న శక్తి, ఎటు పోయింది? కొంత గదిలో గాలిని కదిపింది, కొంత బేరింగును వేడెక్కించింది. ఆ గాలి కూడా గోడలకు తగిలి, తనలో తాను ఒరుసుకుని నిమ్మళించేసరికి చివరికి మిగిలింది వేడే. సున్నితమైన థర్మామీటర్ ఉంటే లెక్క పైసాతో సహా తేలుతుంది.

ఒక షరతు ఉంది. లెక్క వేసేటప్పుడు బయటి నుంచి వచ్చినదాన్నీ బయటికి పోయినదాన్నీ కలుపుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

శక్తి రూపాలు మొత్తం ఎన్ని?

గతిజ, స్థితిజ, ఉష్ణ, విద్యుత్, రసాయనిక, కాంతి, ధ్వని, కేంద్రక అని పుస్తకాలు ఏడెనిమిది పేర్లు చెప్తాయి. పరీక్షకు అవి చాలు. కాస్త లోపలికి వెళ్తే వీటిలో చాలావరకు రెండింట్లోనే ఇమిడిపోతాయి: కదలిక వల్ల ఉన్న శక్తి, అమరిక వల్ల ఉన్న శక్తి. వేడి అంటే అణువుల అల్లరి కదలిక. ధ్వని అంటే అణువులు వరసగా ఊగడం. గ్యాస్‌లో, బియ్యంలో, బ్యాటరీలో ఉన్న రసాయనిక శక్తి అంటే పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న తీరు.

శక్తి నశించదు కదా, మరి కరెంటు పొదుపు చేయమని ఎందుకు చెప్తారు?

ఈ పేజీ మొత్తంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. ప్రతి బ్యాచ్‌లో ఒక్కరైనా అడుగుతారు, అడిగినవాళ్లకు పాఠం నిజంగా తలకెక్కినట్టే.

మొదట మాటల సంగతి. "నిత్యత్వం" వేరు, "పొదుపు" వేరు. మొదటిది ప్రకృతి ఎప్పుడూ తప్పని నియమం, దానికి మన సాయం అక్కర్లేదు. రెండోది మనం చేసే పని. ఇంగ్లిష్‌లో రెండింటికీ "కన్జర్వేషన్" అనే ఒకే మాట ఉండటం వల్ల ఇంగ్లిష్ మీడియం పిల్లలు మరీ తికమక పడతారు. ఈ ఒక్క విషయంలో తెలుగు మీడియం పిల్లలు అదృష్టవంతులు.

ఇప్పుడు అసలు సంగతి. మీ దగ్గర ఐదువందల నోటు ఉంది. దాన్ని ఐదువందల రూపాయి బిళ్లలుగా మార్చి, కోఠి నుంచి సుల్తాన్ బజార్ దాకా అడుగుకొకటి చొప్పున చల్లేశారనుకోండి. డబ్బు ఎక్కడికీ పోలేదు, లెక్కకు ఐదువందలే. కానీ దాంతో మీరేం కొనగలరు? శక్తి సంగతీ అంతే. వైర్లో వచ్చే కరెంటు నోటు లాంటిది. దాంతో మోటారు తిప్పొచ్చు, బల్బు వెలిగించొచ్చు, నీళ్లు కాచుకోవచ్చు. పని అయ్యాక అది గది గాలిలో వేడిగా చెదిరిపోతుంది. అణువణువుకూ కొంచెం కొంచెం అంటుకున్న ఆ వేడిని మళ్లీ ఏరి కరెంటు చేయాలంటే సాధ్యమయ్యేది అతి స్వల్పం, అదీ పక్కనే ఇంకా చల్లటి చోటు ఉంటేనే.

దీన్నే ఉష్ణగతిక శాస్త్రంలో (థర్మోడైనమిక్స్‌లో) రెండో నియమం అంటారు. మొదటి నియమం శక్తి మొత్తం ఎంతో చెప్తుంది, రెండోది ఆ శక్తి ఎంత పనికొస్తుందో చెప్తుంది. చెదిరిపోయిన తీరును కొలిచే రాశి పేరు ఎంట్రోపీ. కాబట్టి మనం పొదుపు చేసేది శక్తిని కాదు, దాని పనికొచ్చే గుణాన్ని.

ఈ నియమాన్ని కనిపెట్టింది ఎవరు?

ఒకరు కాదు. అదే ఇందులో అందం.

1790ల్లో కౌంట్ రమ్‌ఫర్డ్ మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలిచే పని చూస్తున్నాడు. మొద్దుబారిన బరమాతో, గుర్రాల బలంతో నీళ్లలో తొలిపిస్తే రెండున్నర గంటల్లో ఆ నీళ్లు మరిగాయి. మంట లేదు, అయినా తొలుస్తున్నంతసేపూ వేడి వస్తూనే ఉంది. వేడి అనేది లోహంలో దాగిన పదార్థమైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా, కాబట్టి అది కదలికే అయి ఉండాలని ఆయన వాదించాడు.

1840లో జూలియస్ రాబర్ట్ మేయర్ అనే జర్మన్ డాక్టరు ఓడ మీద జావా వెళ్లాడు. అక్కడ నావికుల సిరల్లో తీసిన రక్తం తన దేశంలో కన్నా ఎర్రగా కనిపించింది. ఎండ దేశంలో ఒంటిని వెచ్చగా ఉంచడానికి తక్కువ ఆక్సిజన్ చాలు, అందుకే అది రక్తంలో మిగిలిపోతోందని ఆలోచించాడు. అక్కడి నుంచి తిండి, వేడి, పని ఒకే నాణేనికి మారే విలువలు అన్న చోటికి వచ్చాడు. 1842లో వ్యాసం అచ్చయింది గానీ చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

ఇంగ్లండ్‌లో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ కుటుంబానిది బీరు తయారీ వ్యాపారం. ఉష్ణోగ్రతను చాలా సూక్ష్మంగా కొలవడంలో దిట్ట. తాడుకు బరువు కట్టి కిందికి వదిలితే అది దిగుతూ నీళ్ల పాత్రలో తెడ్డు చక్రాన్ని తిప్పుతుంది, నీళ్లు కాస్త వేడెక్కుతాయి. ఎంత బరువు, ఎంత ఎత్తు దిగితే ఎంత వేడి అని ఏళ్ల తరబడి కొలిచాడు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే దాదాపు 4.19 జౌల్స్ (శక్తిని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు) కావాలని ఈ రోజు మనం రాసే విలువకు పునాది అదే. 1847లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు దీన్ని గణితంగా, అన్ని రూపాలకూ వర్తించేలా రాశాడు.

ఒక డాక్టరు, ఒక బీరు వ్యాపారి కొడుకు, ఒక శరీరశాస్త్రజ్ఞుడు. ముగ్గురిలో ఏ ఒక్కరూ అప్పటికి ఫిజిక్స్ ప్రొఫెసర్ కాదు.

జౌల్ ప్రయోగం ఇంట్లో చేయొచ్చా?

తెడ్డు చక్రం అక్కర్లేదు, కరెంటు మీటరు చాలు. నేను ప్రతి ఏడాదీ పిల్లల చేత చేయిస్తాను.

మీటరు దగ్గరికి వెళ్లి చూస్తే ఒక చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది. పక్కన ఒక అంకె రాసి ఉంటుంది. మా ఇంటి మీటరు మీద 3200 అని ఉంది. అంటే ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్. కాబట్టి ఒక్కో మెరుపుకు 1125 జౌల్స్.

ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకి, ఎలక్ట్రిక్ కెటిల్‌లో సరిగ్గా ఒక లీటరు నీళ్లు పోశాం. నీళ్లు 27 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒక అమ్మాయి మీటరు దగ్గర నిలబడి లెక్కపెడుతోంది, ఒక అబ్బాయి కెటిల్ దగ్గర. ఇక్కడ ఒక చిన్న మాట: హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అందుకని మన ఊళ్లో నీళ్లు 100 దాకా వెళ్లవు, 98 దగ్గరే మరుగుతాయి. 27 నుంచి 98కి 71 డిగ్రీలు. 1000 గ్రాములు, 71 డిగ్రీలు, 4.186 గుణిస్తే సుమారు 2,97,000 జౌల్స్. అంటే 264 మెరుపులు రావాలి.

ఆ అమ్మాయి లెక్కపెట్టింది 306.

మిగతా 42 ఎటు పోయాయి? నేను చెప్పలేదు, వాళ్లనే వెతకమన్నాను. ఒకడు కెటిల్ పక్కన చెయ్యి పెట్టి "ఒళ్లంతా కాలుతోంది సార్" అన్నాడు. కెటిల్ స్టీలు వేడెక్కింది, దాని చుట్టూ గాలి వేడెక్కింది, మరిగేలోపే కొంత ఆవిరి లేచిపోయింది, స్విచ్ టక్కుమని పడేలోపు ఇంకొన్ని సెకన్లు గడిచాయి. రెండోసారి కెటిల్‌కు తువ్వాలు చుట్టి చేస్తే లెక్క 300 లోపలికి దిగింది. ఆ తగ్గిన మెరుపుల్ని చూసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు కోసమే ఈ ప్రయోగం ఆపలేకపోతున్నాను. తువ్వాలు స్విచ్‌కు, ఆవిరి వచ్చే మూతికి తగలకుండా పెద్దవాళ్లు దగ్గరుండి చూసుకోవాలి.

మూత పెట్టి వండితే నిజంగా గ్యాస్ ఆదా అవుతుందా?

అవుతుంది, చాలా. లీటరు నీళ్లను మరిగే దాకా తేవడానికి సుమారు 3 లక్షల జౌల్స్ చాలు. అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి 22 లక్షలకు పైనే కావాలి, అంటే ఏడు రెట్లకు మించి. మూత లేని గిన్నెలోంచి లేచే ఆవిరి వట్టి నీరు కాదు, మీ సిలిండర్‌లోంచి వచ్చిన శక్తిని మోసుకుపోతోంది. బిర్యానీ హండీ మూతకు పిండి చుట్టి దమ్ పెట్టేవాళ్లకు ఈ లెక్క అంకెల్లో తెలియకపోవచ్చు, చేతుల్లో ఉంది. ఆవిరి బయటికి పోనివ్వకపోతే సన్నటి సెగ చాలు.

మోటారు వేసి ట్యాంకు నింపితే ఆ శక్తి ఏమవుతుంది?

నీళ్లలో స్థితిజ శక్తిగా, అంటే ఎత్తులో ఉండటం వల్ల వచ్చే శక్తిగా, నిలిచి ఉంటుంది. మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. సంపులోని నీటిమట్టం నుంచి పైన ట్యాంకు దాకా దాదాపు 20 మీటర్లు. పొద్దున వాచ్‌మన్ మోటారు వేస్తే ఎక్కేది పదివేల లీటర్లు. ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు గుణిస్తే సుమారు 19.6 లక్షల జౌల్స్, యూనిట్లలో అయితే అర యూనిట్ కన్నా కాస్త ఎక్కువ. పదివేల లీటర్ల నీళ్లు అంత ఎత్తుకు ఎత్తడానికి కావాల్సింది అంతే! నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మనుషులు బిందెలతో మోస్తే ఎంతమంది, ఎంతసేపు?

కామన్ మీటరులో కాలింది మాత్రం 1.3 యూనిట్లు. మిగతాది మోటారు చుట్టల్లో వేడిగా, పంపులో సుడులుగా, పైపు గోడల రాపిడిగా, ఆ చప్పుడుగా పోయింది. నీళ్లు ఎక్కుతున్నప్పుడు మోటారు ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి, సగం లెక్క అక్కడే తగులుతుంది.

ట్యాంకులో నిలబెట్టిన శక్తితో మళ్లీ కరెంటు తీయొచ్చా అని అడుగుతారు. తీయొచ్చు, ఆ పని మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున చేయడానికి యంత్రాలే ఉన్నాయి. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాలుంటే ఏడు రెండు వైపులా తిరిగేవే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, అవీ అంతే. నీళ్లు కిందికి దూకేటప్పుడు టర్బైన్‌గా తిరిగి కరెంటు ఇస్తాయి. గ్రిడ్‌లో కరెంటు మిగిలినప్పుడు అదే యంత్రం పంపుగా మారి, వదిలిన నీటిని మళ్లీ జలాశయంలోకి ఎత్తగలదు. ఇలాంటి ఏర్పాట్లలో 100 యూనిట్లు పెట్టి ఎత్తితే మళ్లీ చేతికొచ్చేది 75 నుంచి 80. నష్టమే, కానీ అడిగిన వేళకు అందే కరెంటుకు ఆ ధర సబబే.

జలపాతం కింద నీళ్లు వేడెక్కుతాయా?

వేడెక్కుతాయి, మనకు తెలిసేంత కాదు. ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. దూకిన నీటి శక్తంతా వేడిగా మారితే పెరిగేది డిగ్రీలో పదోవంతు. జౌల్‌కూ ఈ ఆలోచన వచ్చింది, 1847లో ఆల్ప్స్ పర్వతాల ప్రాంతంలో పెళ్లయిన కొత్తలో తిరుగుతూ కూడా జలపాతం దగ్గర కొలవాలని చూశాడని చెప్తారు. తుంపర్లు ఎగిరి ఆవిరై చల్లబడటం వల్ల ఆ కొలత దాదాపు అసాధ్యం.

బ్రేకు వేస్తే బండి వేగం ఎటు పోతుంది?

బ్రేకు డ్రమ్ములోకి, డిస్కులోకి, వేడిగా. మనుషులతో కలిపి 15 టన్నులున్న సిటీ బస్సు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తూ స్టాపులో ఆగిందంటే దాదాపు 9 లక్షల జౌల్స్, అంటే పావు యూనిట్, నిమిషం లోపల ఇనుములో చేరుతుంది. మళ్లీ ఆ వేగం కోసం కొత్తగా డీజిల్ కాల్చాలి. మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్ పోయేలోపు ఎన్ని స్టాపులు, ఎన్ని సిగ్నళ్లో లెక్కేసుకోండి.

మన మెట్రో రైలు ఈ పనిని ఇంకోలా చేస్తుంది. ఆగాల్సి వచ్చినప్పుడు చక్రాలను తిప్పే మోటార్లే జనరేటర్లుగా మారిపోతాయి. రైలు వేగం కరెంటు అయి తిరిగి లైన్‌లోకి వెళ్తుంది, ఆ దగ్గరలో బయల్దేరుతున్న ఇంకో రైలు దాన్ని వాడుకుంటుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లలో, కార్లలో, బస్సుల్లో అదే శక్తి బ్యాటరీకి పోతుంది. మెట్రోలో అమీర్‌పేట స్టేషన్ వస్తున్నప్పుడు, సన్నగా మొదలై దిగిపోయే ఆ "ఊఁ" అనే స్వరాన్ని వినండి. వేగం కరెంటుగా మారుతున్న చప్పుడది.

గోల్కొండ ఎక్కితే ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయి?

కోట శిఖరాన ఉన్న బాలాహిస్సార్ కింది నేల కన్నా సుమారు 120 మీటర్ల ఎత్తు. 60 కిలోల మనిషి పైకి చేరితే స్థితిజ శక్తి 70,000 జౌల్స్ పెరుగుతుంది. తిండి క్యాలరీల్లో ఇది 17 మాత్రమే, నాలుగు గ్రాముల పంచదార. పిల్లలు దీన్ని నమ్మరు, "అంత ఆయాసపడితే ఇంతేనా" అంటారు. నిజానికి కండరాలు తిన్నదాంట్లో నాలుగోవంతు మాత్రమే పనిగా మార్చగలవు, మిగతా మూడొంతులు వేడి. అందుకే పైకి చేరేసరికి చొక్కా తడిసిపోతుంది. మొత్తం ఖర్చు 70 క్యాలరీల దాకా ఉంటుంది, అంటే మూడు నాలుగు చెంచాల పంచదార. కొండ దిగి తాగే ఒక తియ్యటి చాయ్‌తో అందులో చాలా భాగం తిరిగి వచ్చేస్తుంది.

కోట ద్వారం ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన వినిపించడం కూడా ఈ పాఠమే. ధ్వని మామూలుగా అన్ని దిక్కులకూ చెదిరి పల్చబడుతుంది. అక్కడి గుమ్మటం వంపు ఆ ధ్వనిని చెదరనివ్వకుండా ఒక దారికి మళ్లిస్తుంది. శక్తి పెరగలేదు, పంపకం మారింది.

ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే గది చల్లబడుతుందా?

వేడెక్కుతుంది. మే నెలలో ఈ ప్రశ్న తప్పనిసరి. ఫ్రిజ్ చలిని పుట్టించదు. లోపలి వేడిని తోడి వెనకాల బయట పోస్తుంది, ఆ తోడటానికి వాడిన కరెంటు కూడా వేడై అక్కడే కలుస్తుంది. తలుపు తెరిచి ఉంటే తోడిందంతా అదే గదిలో పడుతుంది, పైన కరెంటు వేడి అదనం.

ఏసీకి గోడ బయట ఇంకో డబ్బా ఉంటుంది కాబట్టి అది పనిచేస్తుంది. టన్నున్నర ఏసీ గదిలోంచి సెకనుకు 5300 జౌల్స్ వేడి తోడుతుంది, వాడే కరెంటు సుమారు 1500 వాట్లు. "ఒక వంతు కరెంటుకు మూడు వంతులకు పైగా చల్లదనమా, నియమం తప్పినట్టేగా?" అని తెలివైన పిల్లలు పట్టుకుంటారు. తప్పలేదు. ఏసీ శక్తిని తయారు చేయట్లేదు, మోస్తోంది. మోత ఖర్చు సరుకు విలువ కన్నా తక్కువ ఉండొచ్చు. బయటి డబ్బా దగ్గర మాత్రం రెండూ కలిసి 6800 వాట్ల వేడి వీధిలోకి పోతుంది. ఇరుకు గల్లీలో ఇరవై ఏసీలు నడిచే రాత్రి అక్కడ నడిచి చూస్తే ఆ లెక్క ముఖానికి కొడుతుంది. ఏసీ లేని ఇంటివాళ్లు ఆ వేడిని భరిస్తున్నారన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

బొగ్గు నుంచి మా ఇంటి బల్బు దాకా శక్తి ఎన్ని రూపాలు మారుతుంది?

కోట్ల ఏళ్ల కిందటి ఎండ మొక్కల్లో రసాయనిక శక్తి అయింది, నేలలో పూడి సింగరేణి బొగ్గు అయింది. రామగుండం బాయిలర్‌లో వేడి, ఆవిరిలో పీడనం, టర్బైన్‌లో తిరుగుడు, జనరేటర్‌లో కరెంటు, మీ ఇంట్లో వెలుగు, చివరికి గోడల్లో వేడి. బొగ్గులోని శక్తిలో కరెంటు అయ్యేది మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ. మిగతాది పొగగొట్టంలోంచి, చల్లబరిచే నీటిలోంచి పోతుంది. ఇది ఇంజనీర్ల చేతగానితనం కాదు. వేడిని పనిగా మార్చే ఏ యంత్రమైనా కొంత వేడిని చల్లటి చోట వదలాల్సిందేనని 1824లోనే ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో చూపించాడు. నిజాం కాలంలో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని హుస్సేన్ సాగర్ ఒడ్డున కట్టింది ఊరికే కాదు, ఆ వేడి పోయడానికి చెరువు కావాలి.

"పవర్ సేవర్" పెట్టెలు బిల్లు తగ్గిస్తాయా?

ఇళ్లలో తగ్గించవు. మా బంధువు ఒకాయన రోడ్డు పక్క స్టాలులో కొని ప్రేమగా తెచ్చిచ్చాడు. ప్లగ్గులో పెడితే పచ్చ లైటు వెలిగింది. పిల్లలతో కలిసి మీటరు మెరుపులు లెక్కపెట్టాం. రెండు ఫ్యాన్లు, ఒక ట్యూబ్‌లైటు మీద పది నిమిషాలు పెట్టెతో, పది నిమిషాలు పెట్టె లేకుండా. అంకెలు ఒకటే. విప్పి చూస్తే లోపల ఒక కెపాసిటర్, ఆ పచ్చ లైటు. కెపాసిటర్ ఫ్యాక్టరీల్లో వేరే రకంగా పనికొస్తుంది గానీ ఇంటి మీటరు కొలిచేది నిజంగా ఖర్చయిన శక్తిని. ఫ్యాను అంతే వేగంతో తిరుగుతూ, అంతే గాలి విసురుతూ, శక్తి మాత్రం సగం తీసుకోవాలంటే దాని లోపలి నష్టాలు తగ్గాలి. గోడకు తగిలించిన పెట్టె వల్ల అది జరగదు. పాత 75 వాట్ల ఫ్యాను తీసి, 30 వాట్ల లోపు తీసుకునే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను పెడితే జరుగుతుంది. పెట్టె తెచ్చినాయన బాధపడతాడని మొదట చెప్పలేదు, తర్వాత మీటరు దగ్గరికి తీసుకెళ్లి ఆయన చేతే లెక్కపెట్టించాను.

మోటారుకు డైనమో కలిపి, డైనమో కరెంటుతోనే మోటారు తిప్పితే?

ఆగిపోతుంది. "ఫ్రీ ఎనర్జీ" వీడియోలు చూసి ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా సైన్స్ ఫెయిర్‌కు ఇదే చేస్తామని వస్తారు. నేను వద్దనను, చేయమంటాను. మోటారు చుట్టల్లో వేడి, బేరింగుల్లో రాపిడి, డైనమోలో ఇంకొంత. 100 పెడితే ఒక చుట్టు తిరిగేసరికి 60 మిగిలితే గొప్ప. ఆ 60తో మళ్లీ తిప్పితే 36. బ్యాటరీ వైరు పీకగానే రెండు మూడు సెకన్లలో నిలిచిపోతుంది. వీడియోల్లో నిలవదు, ఎందుకంటే బల్ల కింద ఇంకో వైరు ఉంటుంది.

ఇది ఈనాటి కోరిక కాదు. 12వ శతాబ్దంలో మన భాస్కరాచార్యుడే చువ్వల్లో పాదరసం నింపిన చక్రం దానంతటదే తిరుగుతుందని వర్ణించాడు. అలాంటి మహా గణితవేత్తను కూడా లాగిన ఆలోచన ఇది, కాబట్టి పిల్లల్ని వెక్కిరించకూడదు. 1775లో పారిస్ సైన్స్ అకాడమీ ఇక నిత్య చలన యంత్రాల ప్రతిపాదనలు పరిశీలించబోమని ప్రకటించింది.

అణుశక్తిలో పదార్థమే శక్తి అవుతుంది కదా, అప్పుడు నియమం తప్పినట్టా?

తప్పదు, విశాలమవుతుంది. 1905లో ఐన్‌స్టీన్ ద్రవ్యరాశి కూడా శక్తి రూపమేనని చూపించాడు. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే, అంటే కేంద్రకాలన్నీ చీలితే, తగ్గే ద్రవ్యరాశి గ్రాము లోపే, వచ్చే శక్తి రెండు కోట్ల యూనిట్లకు పైన. మౌలాలి వైపు వెళ్లేటప్పుడు కనిపించే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971 నుంచి ఉంది, మన దేశంలోని చాలా అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధన కడ్డీలు తయారయ్యేది అక్కడే. సూర్యుడు కూడా సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశిని వెలుగుగా మారుస్తున్నాడు.

ఈ నియమం ఎప్పుడైనా తప్పినట్టు కనిపించిందా?

ఒకసారి గట్టిగానే కనిపించింది. బీటా క్షయంలో కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ బయటికొచ్చినప్పుడు కొంత శక్తి లెక్కకు రాలేదు. నీల్స్ బోర్ అంతటివాడు ఇక్కడ నియమం పనిచేయదేమో అన్నాడు. 1930లో ఓల్ఫ్‌గాంగ్ పౌలీ వేరే మాట చెప్పాడు: ఎవరికీ కనపడని ఒక కణం ఆ శక్తిని తీసుకుపోతోంది. 26 ఏళ్ల తర్వాత, 1956లో రైన్స్, కోవన్ అనే శాస్త్రవేత్తలు ఆ కణాన్ని పట్టుకున్నారు, దాని పేరే న్యూట్రినో. 1965లో మన కోలార్ బంగారు గనుల లోతుల్లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ దొరికింది. "ఎటు పోయింది?" అన్న ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే ఏకంగా కొత్త కణమే దొరికింది.

నియమం ఎందుకు నిలుస్తుందో 1918లో ఎమ్మీ నోతర్ అనే జర్మన్ గణితవేత్త చూపించింది. ప్రకృతి నియమాలు నిన్న, ఇవాళ, రేపు ఒకేలా ఉండటం వల్లనే శక్తి నిత్యంగా ఉంటుంది. ఇంటర్ పిల్లలకు నిరూపణ కష్టం, కానీ ఆమె పేరు తెలియాలి.

పరీక్షలో ఏం రాయాలి?

స్వేచ్ఛగా పడే వస్తువుకు మూడు బిందువుల దగ్గర లెక్క వేయండి: పైన, మధ్యలో, నేలను తాకే ముందు. మూడు చోట్లా గతిజ, స్థితిజ శక్తుల మొత్తం ఒకటే అని చూపించండి. గాలి నిరోధం లేదనుకుంటున్నామని ఒక వాక్యం రాయడం మర్చిపోవద్దు.

చివరికి అంతా వేడే అయితే, ఆ వేడంతా ఎటు పోతుంది?

ఆకాశంలోకి. పగలు సూర్యుడి నుంచి తీసుకున్నదాన్ని దాదాపు అంతా భూమి రాత్రీపగలూ పరారుణ కిరణాలుగా అంతరిక్షంలోకి పంపిస్తూ ఉంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఆ దారి కాస్త ఇరుకవుతోంది, భూతాపం అంటే అదే. మన ఊళ్లో దీన్ని చేత్తో తాకి చూడొచ్చు. ఎండాకాలం పొద్దుగూకాక ఏ గ్రానైట్ బండ మీదైనా అరచెయ్యి పెట్టండి, పగటి ఎండ ఇంకా అందులోంచి బయటికొస్తూనే ఉంటుంది.

డాబా కూడా అంతే. సాయంత్రం మా అమ్మ స్లాబు మీద రెండు బకెట్ల నీళ్లు చల్లేది. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 24 లక్షల జౌల్స్ తీసుకుపోతుంది. రెండు బకెట్లంటే ఇరవై లీటర్లు, పూర్తిగా ఆవిరైతే 13 యూనిట్లకు సమానమైన వేడి. నీళ్లు పడగానే స్లాబు చుయ్‌మనేది, మట్టి వాసన లేచేది. పావుగంటలో చాపలు పరిచేవాళ్లం.